భావం పలికే (ఎక్స్‌ప్రెసివ్) పోర్ట్రెయిట్: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై పెరంబూరులో మా మేడ మీద గదిలో ఆదివారం పూట ఓ ఏడుగురు బొమ్మలు నేర్చుకుంటారు. మిగతా రోజుల్లో తమ బొమ్మో, ఇంట్లోవాళ్ళ బొమ్మో వేయించుకోవడానికి మనుషులు వస్తుంటారు. ఈ రెండు రకాలవాళ్ళూ అడిగేవి అటూ ఇటుగా ఇవే. ఒకే జవాబును వాట్సాప్‌లో మళ్ళీ మళ్ళీ టైప్ చేసి వేళ్ళు నొప్పెట్టాక అన్నీ ఒకచోట రాసేశాను. వరసగా చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిపోండి.

## మొదలుపెట్టక ముందు

పోలిక కుదిరితే చాలదా? ఈ "ఎక్స్‌ప్రెసివ్" అంటే ఏంటి?

పోలిక కుదరాలి. అయితే ఆధార్ కార్డులోనూ పోలిక ఉంటుంది. ఆ ఫోటో చూసి మీ అమ్మగారు "మావాడే" అంటారు, అంతే. "ఏదైనా అడిగితే అచ్చం ఇలాగే చూస్తాడమ్మా" అని ఎవరైనా అన్నారంటే అది ఎక్స్‌ప్రెసివ్ పోర్ట్రెయిట్. దానికోసం గీత సాగొచ్చు, రంగు మారొచ్చు, చెవి సగమే ఉండొచ్చు.

నేను చేసేది ఒకటే. మనిషితో గంటసేపు గడిపాక నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకుంటాను. "బస్సు తప్పిపోయినవాడిలా కూర్చుంటాడు." "ఈమె నవ్వు ముక్కు దగ్గర మొదలవుతుంది." "ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి వింటుంది." తల కాన్వాసులో ఎంత ఎత్తున ఉండాలి, వెనక ఏ రంగు, బ్రష్షు లావుదా సన్నదా, అన్నీ ఇక ఆ వాక్యాన్ని అడిగే తేల్చుకుంటాను. బస్సు తప్పిపోయినాయన తల బాగా కిందికి వచ్చింది, పైనంతా ఖాళీ గోడ. వాక్యం దొరకని రోజున రంగు ట్యూబు మూత తీయను.

నేను ఫోటోల్లో బాగుండను. నా బొమ్మ బాగా వస్తుందా?

ఫోటోల్లో బాగుండనివాళ్ళవి చాలావరకు బాగా కదిలే మొహాలు. కెమెరా సెకనులో వందో వంతు పట్టుకుంటుంది, సరిగ్గా అప్పుడే మీ కనురెప్ప సగం దిగి ఉంటుంది. నేను ఆరేడు గంటలు చూస్తాను. నాకు కష్టమయ్యేది ఫోటోలకు బాగా అలవాటు పడినవాళ్ళతో. కెమెరా అనగానే గడ్డం ఒకవైపుకు తిప్పేసేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళను ఆ ఫోజులోంచి బయటికి లాగడానికే ఒక సిట్టింగ్ (బొమ్మ కోసం కూర్చునే ఒక పూట) పోతుంది.

ఏ సైజు వేయించుకుంటే మంచిది?

గడ్డం కొస నుంచి నడినెత్తి దాకా పెద్దవాళ్ళ తల దాదాపు 9 అంగుళాలు. కాన్వాసు మీద 7, 8 అంగుళాలుంటే ఎదురుగా మనిషి కూర్చున్నట్టే అనిపిస్తుంది. అసలు సైజు దాటితే మన చెన్నై ఫ్లాట్ల హాల్లో బొమ్మ మీద పడుతున్నట్టు ఉంటుంది. తల, భుజాలకు 16×20 అంగుళాల కాన్వాసు చాలు. చేతులు కూడా కావాలంటే 24×30.

నేను రాలేను, ఫోటో పంపితే వేస్తారా?

వేస్తాను, కానీ సెల్ఫీ వద్దు. చెయ్యి చాచినంత దూరం నుంచి తీస్తే ఫోనుకు దగ్గరగా ఉన్న ముక్కు ఉబ్బిపోతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఎవరినైనా ఆరేడు అడుగుల దూరంలో నిలబడి 2ఎక్స్ జూమ్‌లో తీయమనండి. కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ట్యూబ్‌లైట్ ఆర్పేసి. బ్యూటీ మోడ్ ఆపేయండి. అది మొట్టమొదట చెరిపేసేది నాకు కావలసిన గీతల్నే. మీరు ఎవరితోనో మాట్లాడుతున్న ఒక నిమిషం వీడియో కూడా పంపితే నాకు సగం పని తగ్గుతుంది.

మా నాన్నగారు పోయారు. పాత ఫోటో ఒక్కటే ఉంది. దాంతో భావం తేగలరా?

నా దగ్గరికి వచ్చే పనుల్లో ఎక్కువ ఇవే. కిందటేడు ఒకావిడ వాళ్ళ నాన్నగారి ఓటరు కార్డు తెచ్చారు. ఫోటో బొటనవేలి గోరంత ఉంది. పెద్దది చేస్తే మిగిలినవి బూడిదరంగు చుక్కలు. దాన్నే నమ్ముకుని, కొలతలన్నీ చూసుకుని చార్‌కోల్‌తో స్కెచ్ వేసి చూపించాను. చాలాసేపు చూసి, "బాగుందండీ. కానీ నాన్న కాదు" అన్నారు. తేడా ఏంటంటే చెప్పలేకపోయారు.

టీ తెచ్చిచ్చి, బొమ్మ సంగతి వదిలేసి, ఆయన పేపరు ఎలా చదివేవారని అడిగాను. ఆవిడ చటుక్కున గడ్డం కిందికి దించి, లేని కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "ఇలా. మేం మార్కులు చెప్పేటప్పుడు కూడా ఇలాగే." కార్డు ఫోటో తీసేటప్పుడు ఆయన కళ్ళజోడు తీసేసినట్టున్నారు. నేను ఒక కళ్ళజోడు తగిలించి, దాన్ని ముక్కు మీద అరంగుళం కిందికి జార్చి, చూపు అద్దాల పైనుంచి వచ్చేట్టు మార్చాను. దవడ, నుదురు ముట్టుకోలేదు. రెండోసారి చూసినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. ఫోన్ తీసి తమ్ముడికి వీడియో కాల్ చేశారు.

అందుకని ఒక్క ఫోటోతో వచ్చేవాళ్ళను నేను ప్రశ్నలతో విసిగిస్తాను. కోపం వస్తే ఏం చేసేవారు? ఫోన్ ఎత్తగానే మొదటి మాట ఏంటి? ఊరికే కూర్చున్నప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకునేవారు? ఆయన పోలిక ఇంట్లో ఎవరికొచ్చింది? ఆ పోలికున్నవాళ్ళు అరగంట వచ్చి కూర్చుంటే చెవి, మెడ, కనుబొమ కింద ఎముక వాళ్ళను చూసి వేసుకోవచ్చు. మనవడి మెడతో తాతగారి బొమ్మ పూర్తి చేసిన సందర్భాలున్నాయి.

## సిట్టింగ్‌లో

ఎన్నిసార్లు రావాలి? కదలకుండా కూర్చోవాలా?

మూడు, నాలుగు సార్లు. ఒక్కోసారి రెండు గంటలు. 25 నిమిషాలు కూర్చుని 5 నిమిషాలు లేచి తిరగొచ్చు. కుర్చీ కాళ్ళ చుట్టూ, మీ పాదాల చుట్టూ మాస్కింగ్ టేపు అంటిస్తాను కాబట్టి మళ్ళీ అదే చోటుకు వచ్చి కూర్చోగలరు. రాయిలా బిగుసుకోవద్దు, మెడ పట్టేస్తుంది. ఇదే ఎక్కువనిపిస్తే ఒక సంగతి: బ్రిటిష్ చిత్రకారుడు లూసియన్ ఫ్రాయిడ్ తన బొమ్మ వేస్తుంటే డేవిడ్ హాక్నీ వంద గంటలకు పైగా కూర్చున్నాడు. హాక్నీ స్వయంగా పెద్ద చిత్రకారుడు, అయినా తప్పలేదు.

కూర్చున్నప్పుడు మాట్లాడొచ్చా?

మాట్లాడాలి. కుర్చీలో కూర్చోగానే అందరూ ఫోటో మొహం పెడతారు. కనుబొమలు కాస్త పైకి, పెదాలు కాస్త బిగించి, మెడ నిటారుగా. దాన్ని ఎవరూ ఇరవై నిమిషాలకు మించి మోయలేరు. కండరాలు అలిసి ఒక్కొక్కటే కిందికి దిగుతాయి, అప్పుడు అసలు మనిషి కనబడతాడు. మొదటి ఇరవై నిమిషాలు నేను గీసేది ఎక్కువగా కుర్చీనీ చొక్కానీ.

రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో వెల్డర్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, సన్మాన సభలో కూర్చున్నట్టు కూర్చున్నారు. మొదటి సిట్టింగ్ మొత్తం అంతే. రెండోసారి రైలు పెట్టె అతుకులు ఎలా వేస్తారో చెప్పమన్నాను. మాట మధ్యలో కుడి కన్ను సగం మూసి, గాల్లో వేలితో ఒక అతుకు గీత లాగారు, చేయి వణక్కుండా. ఆ సగం మూసిన కన్ను, ఆ లేచిన వేలు. అంతకుముందు వేసింది మొత్తం గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన మాత్రం జేబులో పెన్ను కనబడాలని పట్టుబట్టారు, పెట్టాను.

మీరు అలా గుచ్చిగుచ్చి చూస్తుంటే టెన్షన్‌గా ఉంటుంది. ఏం చేయాలి?

అందరికీ ఉంటుంది, పది నిమిషాల్లో పోతుంది. ఆ చూపులో మీ మొటిమల లెక్క ఉండదు. "ముక్కు నీడ పై పెదవిని తాకిందా లేదా" లాంటి లెక్కలు నడుస్తుంటాయి. చూపు ఎక్కడ నిలపాలో తెలీకపోతే ఎదురింటి వాటర్ ట్యాంకు మీద పావురాలున్నాయి.

ఉత్తరపు కిటికీ వెలుతురే మంచిదంటారు. చెన్నైలో అది పనిచేస్తుందా?

ఏడాదిలో మూడొంతులలో రెండొంతులు పనిచేస్తుంది. ఈ సూత్రం యూరప్ నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణంగానే ఉంటాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ రాదు, వెలుతురు నిలకడగా ఉంటుంది. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉదయం, సాయంత్రం ఎండ ఇంకా ముందు నుంచే ఏటవాలుగా ఉత్తరపు గోడ మీద పడుతుంది. ఆ నెలల్లో నేను కిటికీకి పాత తెల్ల పంచె కడతాను. అందరూ నవ్వుతారు గానీ, వెలుతురు పాలలా వస్తుంది.

కిటికీ ఏ దిక్కున ఉన్నా వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. పైన ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే ముక్కు కింద నీడ, గడ్డం కింద నీడ రెండూ చెడిపోతాయి. మొహం చపాతీలా అవుతుంది.

ఏం వేసుకుని రావాలి?

రోజూ వేసుకునేవే. కొత్త పట్టుచీర వేసుకుంటే మీరు చీరను కాపాడుకుంటూ కూర్చుంటారు.

నవ్వుతున్నట్టు వేయమంటే ఎందుకు ఒప్పుకోరు?

ఒప్పుకుంటాను, పళ్ళు కనబడే నవ్వుకే జంకుతాను. నవ్వును రెండు నిమిషాలు పట్టి ఉంచితే అది నొప్పిగా మారుతుంది. నోరు నవ్వుతూనే ఉంటుంది, కళ్ళు ఎప్పుడో మానేసి ఉంటాయి. నిజం నవ్వులో కంటి చుట్టూ ఉండే కండరం కూడా బిగుసుకుంటుందని, అది మనం కావాలంటే వచ్చేది కాదని దుషెన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1862లోనే రాశాడు. అందుకే నవ్వు కావాలన్నవాళ్ళకు నేను మూతి వదిలేసి కింది కనురెప్ప దగ్గర మొదలుపెడతాను. ఆ రెప్ప కాస్త పైకి లేచి, బుగ్గ దాన్ని తోస్తే చాలు, పెదాలు మూసి ఉన్నా మొహం నవ్వుతుంది.

పళ్ళు వేయక తప్పకపోతే ఒక్కొక్క పన్నూ గీయకండి. మొత్తం కలిపి లేత బూడిద రంగు ముక్క ఒకటి. ట్యూబులోంచి తీసిన తెలుపు పెడితే పళ్ళసెట్టు ప్రకటన అవుతుంది.

చిన్న పిల్లల్ని ఎలా కూర్చోబెడతారు?

కూర్చోబెట్టను. వాళ్ళు నేలమీద ఆడుకుంటుంటే నేనూ నేలమీద కూర్చుని ముప్పై, నలభై చిన్న స్కెచ్‌లు వేసుకుంటాను. చేతికి ఫోన్ ఇవ్వకండి, మొహం నీలంగా, చచ్చుగా వస్తుంది.

## గీత, రంగు

కళ్ళు ముందు వేయాలా, చివర్లోనా?

విగ్రహాలకు కళ్ళు చివర్లో తెరుస్తారు. పోర్ట్రెయిట్‌కు అది పనికిరాదు. ముందే వేసినా ప్రమాదమే, అవి బాగా కుదిరాయని మురిసిపోయి తప్పు చోట ఉన్నా కదపబుద్ధి కాదు. ముందు తల మొత్తం ఆకారం, వంపు. తర్వాత కంటి గుంటల నీడ, ముక్కు కింద నీడ, కింది పెదవి కింద నీడ. ఈ మూడూ సరైన చోట పడితే పది అడుగుల దూరం నుంచి ఆ మనిషే అని తెలిసిపోతుంది, ఇంకా కళ్ళు లేకపోయినా. అప్పుడు కళ్ళు.

కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు కళ్ళు బాగా పైన పెట్టడం. జుట్టు ఒత్తు కూడా కలుపుకుంటే కళ్ళు తల ఎత్తులో దాదాపు సగంలో ఉంటాయి. నమ్మకం కుదరకపోతే పెన్సిల్‌తో కొలవండి. ఇంకోటి, కంటి తెలుపు తెల్లగా ఉండదు. పై రెప్ప నీడలో ఉన్న గుండ్రటి బంతి అది, బూడిద రంగే.

గ్రిడ్ గీసుకుని వేయడం మోసం కాదా?

మౌంట్ రోడ్డు సినిమా బ్యానర్లు వేసినవాళ్ళు చిన్న ఫోటో మీద గళ్ళు గీసి, అవే గళ్ళు బ్యానర్ మీద పెద్దవి చేసుకుని మేడలంత మొహాలు వేశారు. వాళ్ళను మోసగాళ్ళని అనే ధైర్యం నాకు లేదు. అయితే వాళ్ళు గళ్ళ దగ్గర ఆగలేదు. కొలత కుదిరాక వెడల్పాటి బ్రష్షుతో హీరో బుగ్గ మీద గులాబీ, దవడ కింద నీలం, నుదుటి మీద నిమ్మపండు పసుపు కొట్టేవాళ్ళు. దగ్గర నుంచి చూస్తే రంగుల పేడ్లు, బస్సులోంచి చూస్తే కోపంగా ఉన్న హీరో. ఫ్లెక్స్ వచ్చాక ఆ పని పోయింది. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి చూసిన ఆ మొహాలే నా మొదటి క్లాసు. మీరూ గ్రిడ్ వాడండి, గళ్ళన్నీ నింపాక అసలు పని మొదలవుతుందని తెలుసుకుంటే చాలు.

మనిషి మొహంలో ఆకుపచ్చ, నీలం ఏంటండీ? జబ్బు చేసినట్టు ఉండదా?

అలవాటు లేని కంటికి మొదట అలాగే ఉంటుంది. 1905లో ఫ్రెంచి చిత్రకారుడు మతీస్ తన భార్య బొమ్మలో మొహం మధ్యలో నిలువుగా ఆకుపచ్చ పట్టీ వేశాడు. ఒకవైపు గులాబీ, మరోవైపు పసుపు, మధ్యలో ఆ ఆకుపచ్చ నీడ పనిచేస్తుంది. కారణం మామూలుదే. రంగు ఏదన్నది కన్నా ఆ చోట ఎంత వెలుగు, ఎంత చీకటి ఉందన్నది మన కంటికి ముఖ్యం. నీడ ఉండాల్సినంత ముదురుగా ఉంటే అది ఆకుపచ్చైనా ఊదా అయినా కన్ను నీడగానే ఒప్పుకుంటుంది. ముదురు తప్పితే, అచ్చం చర్మం రంగు కలిపినా మొహం నిలబడదు. ఫోన్‌లో ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి పక్కన పెట్టుకోండి, తేడా పట్టేస్తారు.

ఏ రంగు అన్నది మాత్రం మనిషిని బట్టి. ఊరికే ఊదా నచ్చింది కదా అని పూసేస్తే అది మీ బొమ్మ అవుతుంది, వాళ్ళది కాదు.

నన్ను కొంచెం తెల్లగా వేస్తారా?

వేయను. డబ్బులిచ్చేవాళ్ళతో ఇంత ముక్కుసూటిగా ఉండకూడదని మా అక్క అంటుంది. కానీ నల్లటి చర్మం మీద పనిచేసే వెలుతురు తెల్ల చర్మం మీద రాదు. కిటికీ పక్కన కూర్చున్న చామనచాయ మనిషి చెంప ఎముక మీద మెరుపు చూడండి, అందులో ఆకాశం నీలం ఉంటుంది. నీడలు ఎర్ర మట్టిలా వెచ్చగా ఉంటాయి. ఆ రెండింటి మధ్య దూరంలోనే మొహం చెక్కినట్టు లేస్తుంది. అందులో తెలుపు కలిపితే పౌడరు పూసినట్టు అయిపోతుంది.

చామనచాయకు ఏ రంగులు కలపాలి? నాది ఎప్పుడూ బురదలా వస్తుంది.

బురద రావడానికి కారణం మామూలుగా నలుపు, తెలుపు ఎక్కువ వాడటం. ముదురుకు బర్న్‌ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం) కలపండి. సియెన్నా ఎక్కువైతే వెచ్చటి నీడ, బ్లూ ఎక్కువైతే జుట్టు. మధ్య ఛాయకు సియెన్నాలో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), చిటికెడు ఎరుపు. లేత చేయాలంటే ముందు ఓకర్‌తో లేత చేసి, తెలుపు ఆఖర్న, ఆవగింజంత. పెదాలకు, కంటి కింద నలుపుకు అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) కొంచెం.

ముక్కు, చెవులు, బుగ్గలు ఎర్రదనం వైపు, నుదురు పసుపు వైపు, గడ్డం గీసుకునే మగవాళ్ళ దవడ నీలి బూడిద వైపు వెళ్తాయి. ఒకే ముద్ద కలిపి మొహమంతా పూస్తే మట్టి కుండే. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరుతో చెప్పే రంగుల జట్టు, అంటే పాలెట్‌లో ఓకర్, ఎరుపు, నలుపు, తెలుపు నాలుగే ఉంటాయి. ముప్పై ట్యూబుల సెట్టు కొనేముందు ఆ నాలుగింటితో నెల రోజులు వేసి చూడండి.

ఆయిల్ మంచిదా, యాక్రిలిక్ మంచిదా?

మొహానికి నేనైతే ఆయిల్. త్వరగా ఆరదు కాబట్టి బుగ్గ అంచును మర్నాడు కూడా మెత్తగా కలపొచ్చు. మే నెలలో ఫ్యాను కింద యాక్రిలిక్ రంగులు కలిపే పలక (దాన్నీ పాలెట్ అంటారు) మీదే ఎండిపోతుంది, నీళ్ళ స్ప్రే చేతిలో ఉండాల్సిందే. కానీ తెగువగా, ముక్కలు ముక్కలుగా వేసే చేయి ఉన్నవాళ్ళకు యాక్రిలిక్కే బాగుంటుంది, పది నిమిషాల్లో పైన ఇంకో పూత వేసేయొచ్చు.

ఆయిల్ వాడేవాళ్ళు రెండు గుర్తుంచుకోండి. కింది పూతలో నూనె తక్కువ, పైపైకి వెళ్ళేకొద్దీ ఎక్కువ. తలకిందులైతే పైపూత ముందు ఆరి తర్వాత పగుళ్ళు వస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి డబ్బాలో పడేయకండి. ఆ నూనె గాలి తగిలి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకోవచ్చు. బకెట్ నీళ్ళలో వేయండి, లేదా దండెం మీద విడివిడిగా ఆరేయండి.

భావమంతా కళ్ళలోనే ఉంటుందా?

అలా అనుకునే చాలామంది కళ్ళకు రెండు రోజులు పెట్టి భుజాలకు పది నిమిషాలు పెడతారు. మెరీనాకు వెళ్ళినప్పుడు ఉళైప్పాళర్ సిలై (శ్రామికుల విగ్రహం) దగ్గర కాసేపు నిలబడండి. మద్రాసు ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాల్‌గా చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి శిల్పం, నలుగురు మనుషులు బండను దొర్లిస్తుంటారు. చుట్టూ తిరిగి వెనక నుంచి చూడండి. మొహాలు కనబడవు, అయినా ఎంత బరువో మన నడుముకు తెలుస్తుంది.

కూర్చున్న మనిషిలోనూ అంతే. ఒక భుజం పైకి ఉందా, మెడ ముందుకు వచ్చిందా, బొటనవేలు పిడికిలి లోపల దాచుకుందా అన్నవి కళ్ళకన్నా ముందే చెప్పేస్తాయి. మొహంలో కూడా కళ్ళ మధ్యకన్నా మూలలు ఎక్కువ పనిచేస్తాయి. పెదాల మూలను ఒక వెంట్రుకవాసి కిందికి లాగి చూడండి.

## చెడిపోయినప్పుడు

నిన్న బాగుంది, ఇవాళ చూస్తే ఎవరో పక్కింటాయనలా ఉంది. ఎందుకు?

కన్ను తప్పులకు అలవాటు పడిపోతుంది. రాత్రి నిద్ర ఆ అలవాటును తీసేస్తుంది. దానికోసం మర్నాటిదాకా ఆగక్కర్లేదు, బొమ్మను అద్దంలో చూడండి. లియోనార్డో డా విన్చి తన నోట్సులో రాసుకున్న చిట్కా ఇది, ఇప్పటికీ ఇంతకన్నా మంచిది రాలేదు. అద్దంలో తిరగబడగానే వంకర ముక్కు, ఎక్కువ తక్కువల కళ్ళు బయటపడతాయి. నా ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) వెనక గోడకు ఒక పాత బీరువా అద్దం తగిలించి ఉంది. బొమ్మను తలకిందులుగా పెట్టడం, కళ్ళు చికిలించి చూడటం కూడా అదే పని చేస్తాయి.

ఒక జాగ్రత్త. అద్దం చూపించిన తప్పులన్నీ దిద్దేయకండి. ఎవరి మొహమూ రెండు సగాలూ ఒకేలా ఉండవు. ముందు మనిషిని చూసి, ఆ వంకర వాళ్ళదా మీదా తేల్చుకోండి.

వేసింది గీకేయాలంటే మనసొప్పదు. మీకు బాధ ఉండదా?

ఉంటుంది. సాయంత్రం పాలెట్ నైఫ్‌తో లాగుతుంటే కడుపులో ఏదో అవుతుంది. కానీ గీకాక కాన్వాసు మీద పల్చటి మచ్చ మిగులుతుంది, ఆ మొహం దయ్యంలా. దాని మీద మర్నాడు వేస్తే మొదటిదానికన్నా వదులుగా, తేలిగ్గా వస్తుంది. నా మంచి బొమ్మల్లో సగం కింద ఇలాంటి దయ్యం ఉంది.

ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది?

నాకైతే బ్రష్షు చిన్నదవుతున్నప్పుడు. సున్నా నంబరు బ్రష్షు పట్టుకుని వెంట్రుకలు వేస్తున్నానంటే బొమ్మ ఎప్పుడో అయిపోయింది, నాకు వదలబుద్ధి కావట్లేదు. అప్పుడు గోడవైపు తిప్పి వారం రోజులు చూడను. నోటుబుక్కులో రాసుకున్న వాక్యం తీసి, బొమ్మను మళ్ళీ ఇటు తిప్పుతాను. వాక్యానికి పనికిరాని నగిషీ ఏదైనా ఉంటే అది తీసేయడమే ఆఖరి పని.

మోడల్ దొరకదు. ఎవరి బొమ్మ వేసి సాధన చేయాలి?

అద్దంలో మీ బొమ్మే. మోడళ్ళకు ఇచ్చేందుకు డబ్బుల్లేకే వాన్ గో తనను తాను 35 సార్లకు పైగా వేసుకున్నాడు. మీ మొహం ఉచితం, విసుక్కోదు. ఒకటే చిక్కు, అద్దంలో చూస్తూ వేసే అందరి బొమ్మా కనుబొమలు ముడేసి, అనుమానంగా చూస్తున్నట్టు వస్తుంది. అది మీ స్వభావం కాదు, కొలతలు చూసే మొహం. అది పోవాలంటే చూసి, తల తిప్పి, గుర్తున్నది వేయండి.

## బొమ్మ అయ్యాక

బొమ్మ నచ్చకపోతే డబ్బులు వాపసు ఇస్తారా?

సగం అడ్వాన్సు తీసుకుంటాను. చార్‌కోల్ స్కెచ్ దశలో నచ్చలేదంటే స్కెచ్ ఖర్చు పోను వాపసు. రంగు మొదలయ్యాక మార్పులు చేస్తాను గానీ వాపసు ఉండదు. ఎక్కువసార్లు జరిగేది ఏంటంటే, కూర్చున్నవాళ్ళకు నచ్చదు, ఇంట్లోవాళ్ళకు నచ్చుతుంది. మనకు తెలిసిన మన మొహం అద్దంలో తిరగబడినది కదా. బొమ్మలో పాపిడి "తప్పు" వైపు కనబడుతుంది, ఏదో తేడాగా ఉందంటారు. అందుకే చూపించే రోజున ఇంకొకర్ని వెంట తెచ్చుకోమంటాను.

ఎప్పుడు ఆరుతుంది? వెంటనే ఫ్రేమ్ కట్టించొచ్చా?

పల్చటి పూత నా గదిలో మే నెలలో నాలుగైదు రోజుల్లో చేతికి అంటకుండా ఆరుతుంది. నవంబరు వానల్లో రెండు వారాలైనా జిగటగా ఉంటుంది. దట్టంగా కట్టిన రంగు లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. పైన ఆరినట్టు కనబడటం చూసి మోసపోకండి. వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాతే.

ఫ్రేమ్ కట్టించొచ్చు, అద్దం వద్దు. ఒక ఇంట్లోవాళ్ళు నాతో చెప్పకుండా దగ్గర్లో ఉన్న ఫ్రేముల షాపులో ఇచ్చారు. వాళ్ళు ఫోటోకు వేసినట్టే కాన్వాసుకు ఆనించి అద్దం బిగించేశారు. రెండు నెలల తర్వాత అద్దం తీస్తే తాతగారి ముక్కు కొస అద్దంతో పాటు లేచి వచ్చింది. మళ్ళీ ముక్కు కట్టాను. నాలుగు పేడ్ల రంగే అయినా మొదటి ముక్కు బాగుండేది.

చెన్నై చెమ్మకు బూజు పట్టకుండా ఏం చేయాలి?

బాత్రూమ్ గోడకు, బయట వాన తగిలే గోడకు తగిలించకండి. ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అంటిస్తే గోడకూ కాన్వాసుకూ మధ్య గాలి ఆడుతుంది. బీరువా వెనక ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచడం అన్నిటికన్నా చెడ్డది. దుమ్ముకు పొడి మెత్తటి బ్రష్షు చాలు, తడిగుడ్డ పెట్టొద్దు.

నా బొమ్మను మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకుంటారా? హక్కు ఎవరిది?

చాలామంది ఆర్టిస్టులకే తెలియని సంగతి ఇది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి పోర్ట్రెయిట్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ వేయించుకున్నవాళ్ళదే. అందుకే ముందే కాగితం మీద రాసుకుంటాం: నేను చూపించుకోవచ్చా, ప్రింట్లు ఎవరు వేయొచ్చు అని. వద్దంటే పెట్టను. బొమ్మ నచ్చనివాళ్ళకన్నా "బాగుంది గానీ బయట పెట్టొద్దు" అనేవాళ్ళే ఎక్కువ.

పోయినవాళ్ళ బొమ్మకు దండ వేయొచ్చా, బొట్టు పెట్టొచ్చా?

దండ వేయండి, ఫ్రేముకు పైన గోడకు మేకు కొట్టి, పూలు కాన్వాసుకు తగలకుండా. మల్లెపూల తడి రంగు మీద మచ్చ చేస్తుంది. బొట్టు ఫ్రేము మీద పెట్టుకోండి, బొమ్మ మీద వద్దు.

చెప్పినా వినరు, నాకు తెలుసు. కళ్ళజోడు నాన్నగారి బొమ్మను ఆరు నెలల తర్వాత వార్నిష్ కోసం తెచ్చారు. నుదుటి మధ్య కుంకుమ. వాళ్ళమ్మగారు రోజూ పెడుతున్నారట, "తుడిచేయండి, మీ బొమ్మ పాడైపోయింది" అని కూతురు ఒకటే నొచ్చుకుంది. పొడి బ్రష్షుతో దులిపాను. పైపొడి పోయింది, మిగతాది ఇంకా పచ్చిగా ఉన్న రంగులోకి దిగిపోయింది, సరిగ్గా మధ్యలో కాదు, కాస్త ఎడమకు. దాని మీద నేను రంగు వేయలేదు.